చిత్రావతి ఆడని ఆటలు

భీమశంకరానికి చదరంగం వచ్చంటే వచ్చు, అంతే. ప్రోగ్రాం రాయడం మాత్రం అస్సలు రాదు. అయినా కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య చదరంగం పోటీలు తొమ్మిదేళ్ళుగా జరిపిస్తున్నది ఆయనే. కాకినాడ నుంచి ఉద్యోగానికి ఢిల్లీ వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఒక కేంద్ర కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరు. ఒకప్పుడు పక్క సీటు మిత్రుడు తన కంప్యూటర్‌లో రెండు ప్రోగ్రాములను ఒకదానితో ఒకటి ఆడించడం చూశాడు. ఓడిపోతున్నది మొహం మాడ్చుకోలేదు, గెలుస్తున్నది విర్రవీగలేదు. రోజంతా ఫైళ్ళ మీద మనుషుల తగాదాలు చదివే మనిషికి అది ఎంతో హాయిగా అనిపించింది.

ఆయన పోటీలో ఆడేవి పేరుమోసిన పెద్ద ప్రోగ్రాములు కావు. ఉద్యోగం చేసుకుంటూనో చదువుకుంటూనో తీరిక వేళల్లో సొంతంగా రాసుకున్నవాళ్ళవి. ఢిల్లీ, నోయిడా, గుర్గావ్ చుట్టుపక్కల అలాంటివాళ్ళు పదిమంది ఉన్నారు. ఫిబ్రవరి నెలాఖరుకు తమ ప్రోగ్రాంను మెయిల్లో పంపుతారు. జనక్‌పురిలోని తన ఫ్లాటులో, వెనక గదిలో, భీమశంకరం ఒకే రకం కంప్యూటర్లు రెండు పెట్టి శని ఆదివారాల్లో పగలంతా ఆడిస్తాడు. ప్రతి ప్రోగ్రామూ మిగతా తొమ్మిదింటితో రెండేసి ఆటలు ఆడుతుంది, ఒకటి తెల్లపావులతో, ఒకటి నల్లపావులతో. ఆటలను నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. గట్టి నియమం ఒక్కటే. ఆలోచన ఎవరి దగ్గర నేర్చుకున్నా ఫరవాలేదు, కోడ్ మాత్రం ఎవరిది వాళ్ళే రాయాలి. వేరేవాళ్ళది తెచ్చి పేరు మార్చి పంపితే పోటీ నుంచి తీసేస్తారు. తొమ్మిదేళ్ళలో ఆ అవసరం ఒక్కసారీ రాలేదు.

ఈ ఏడు మార్చి మొదటి ఆదివారం మధ్యాహ్నం, భోజనం చేసి వచ్చి తెర ముందు కూర్చున్న భీమశంకరం మొదట కంప్యూటర్ ఏదో తప్పు చూపిస్తోందేమో అనుకున్నాడు. ఎలగందుల, చిత్రావతి అనే ప్రోగ్రాములు ఆడుతున్నాయి. బోర్డు కింద ఒక్కో ప్రోగ్రామూ తన పరిస్థితి ఎలా ఉందో అంకెల్లో అంచనా చూపిస్తుంది. మామూలుగా ఆ రెండు అంచనాలూ కలవవు. తనకు మేలుగా ఉందని ఒకటి అనుకుంటుంటే, లేదు నాకే మేలుగా ఉందని రెండోది అనుకుంటుంది. ఇప్పుడలా లేదు. ఎలగందుల తనకు ఎంత మేలుందని చెబుతోందో, చిత్రావతి తనకు సరిగ్గా అంతే కీడుందని చెబుతోంది. ప్రతి ఎత్తుకూ అంతే. చివరికి ఆట డ్రా అయింది. పొద్దున వాటి మధ్య జరిగిన మొదటి ఆట కూడా డ్రాయే.

ఎలగందుల సాయిప్రకాష్‌ది. కరీంనగర్ మనిషి, అక్కడి కోట పేరే ప్రోగ్రాంకు పెట్టుకున్నాడు, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండుసార్లు ఈ పోటీ గెలిచాడు. చిత్రావతి కిరణ్మయిది. ఆమెది ధర్మవరం, వాళ్ళ ఊరి పక్కన పారే ఏరు పేరే ప్రోగ్రాంకు పెట్టుకుంది. ఇంజనీరింగ్ చదివి, సివిల్స్ కోసం ముఖర్జీ నగర్‌లో నాలుగేళ్ళుగా పీజీ గదిలో ఉంటోంది. వారానికి ఒక్క పూట, ఆదివారం పొద్దున మాత్రమే, ప్రోగ్రాంకు కేటాయించుకుంటానని ఒకసారి చెప్పింది. పోయినేడు చిత్రావతి పదింటిలో తొమ్మిదో స్థానంలో వచ్చింది. ఈ ఏడు సగానికి పైగా ఆటలు అయ్యేసరికి ఎలగందులతో సమానంగా మొదటి స్థానంలో నిలబడింది.

బాగా ఆడేవాళ్ళందరూ మంచి ఎత్తే వెతుక్కుంటారు కదా, అందుకే కలుస్తున్నాయేమో అని భీమశంకరం తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అయినా మనసు ఒప్పక, మూడో ప్రోగ్రాంతో ఈ రెండూ ఆడిన ఆటలు తీసి పక్కపక్కన పెట్టి చూశాడు. నలభై ఒక్క ఎత్తుల్లో ముప్పై ఎనిమిది ఒకటే. కాగితం మీద ఒక్కో ఎత్తుకూ టిక్కు పెడుతూ పోయి, చివరికి పెన్ను కింద పెట్టేశాడు.

నాలుగు గంటలకు సాయిప్రకాష్ ఫోన్ చేశాడు. కోపంగా లేడు. గొంతు నొచ్చుకున్నట్టుంది.

"సార్, తప్పుగ మాట్లాడుతున్ననేమో గానీ, అది నా ప్రోగ్రామే సార్. నాతోని నేనే ఆడుతున్నట్టున్నది."

నీ కోడ్ ఆమె చేతికి ఎలా వెళుతుందని భీమశంకరం అడిగాడు. సాయిప్రకాష్ చెప్పాడు. దీపావళి రోజుల్లో కిరణ్మయి ఒక చిక్కులో పడిందట. ఒకసారి లెక్క కట్టిన స్థితిని ప్రోగ్రాం గుర్తుపెట్టుకుని మళ్ళీ లెక్కించకుండా ఉండాలి. ఆమె రాసినది గుర్తుపెట్టుకోవడమైతే చేస్తోంది గానీ తప్పుగా గుర్తుపెట్టుకుంటోంది. ఎలా చేశావన్నా అని అడిగితే అతను తన ఫైళ్ళు నాలుగు పంపాడట.

"చూసి నేర్చుకుంటదని పంపిన సార్. ఎత్తుకుంటదని అనుకోలె."

ఏం చెయ్యమంటావని భీమశంకరం అడిగితే, మీ ఇష్టం సార్ అని ఫోన్ పెట్టేశాడు.

సోమవారం ఆఫీసులో లంచ్ వేళ, వరండా చివరికి వెళ్ళి కిరణ్మయికి ఫోన్ చేశాడు భీమశంకరం. ఏమేమి అడగాలో పొద్దుటినుంచీ మనసులో వరస పెట్టుకున్నాడు. ఆమె కాదంటుందని, గట్టిగా వాదిస్తుందని, అప్పుడు కోడ్ చూపించమని అడగాలని అనుకున్నాడు. నిజానికి ఆమె వాదించాలనే కోరుకున్నాడు.

"అమ్మా, చిత్రావతి వేస్తున్న ఎత్తులూ ఎలగందుల ఎత్తులూ ఒకటే అయిపోతున్నాయి. నువ్వేమైనా చెబుతావా?"

అవతల ఎవరో హిందీలో ఈ కుర్చీ ఖాళీయేనా దీదీ అని అడగడం వినిపించింది.

"ఎన్ని సార్?"

"దాదాపు అన్నీనమ్మా."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

"అట్లయితే నాదే తప్పు సార్. నా పేరు తీసేయండి."

ఆయన తడబడ్డాడు. వరస పెట్టుకున్న ప్రశ్నలు ఒక్కటీ పనికి రాలేదు. ఎంతవరకు తీసుకున్నావమ్మా అని మాత్రం అడగగలిగాడు. అంతా అనుకోండి సార్ అని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి వాట్సాప్ గ్రూపులో నాలుగు వాక్యాలు రాశాడు. నియమం తప్పినందువల్ల చిత్రావతిని పోటీ నుంచి తీసేశామని, రచయిత్రి ఒప్పుకున్నారని, ఆమె ఆడిన ఆటలు లెక్కలోకి రావని. రాసింది రెండుసార్లు చదివి పంపాడు. పది నిమిషాలకు కిరణ్మయి గ్రూపు నుంచి వెళ్ళిపోయినట్టు కనిపించింది. ఎవరూ ఏమీ రాయలేదు. సాయిప్రకాష్ మాత్రం విడిగా ఒక మెసేజ్ పెట్టాడు, థాంక్యూ సార్, కానీ మనసుకు మంచిగ లేదు అని.

భీమశంకరానికీ బాగాలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో తప్పు చేసి దొరికిపోయినవాళ్ళను చాలామందినే చూశాడు. చేతిలో ఆధారం పెట్టుకుని మెమో ఇచ్చినా, రెండు పేజీల జవాబు రాయకుండా ఊరుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ పిల్ల ఒక్క మాటతో ఒప్పేసుకుంది. ఎంత కాపీ అన్నది కూడా తను చెప్పేదాకా ఆమెకు తెలియనట్టే "ఎన్ని" అని అడిగింది. దొంగతనం చేసినవాళ్ళకు ఎన్ని తీశారో తెలియదా?

భోజనాల దగ్గర ఇదంతా ఇంట్లో చెప్పాడు. భార్య ఉమారాణి దగ్గరలోని స్కూల్లో లైబ్రేరియను. పిల్లలు పుస్తకాలు ఎత్తుకుపోవడం ఆమెకు కొత్త కాదు కాబట్టి తేలిగ్గానే విన్నది. కాలేజీ చదువుతున్న కూతురు ప్రణతి మాత్రం ఒక మాట అంది. తెలుగులో విని హిందీలో జవాబు చెప్పడం ఆ అమ్మాయికి అలవాటు. కాపీ కొట్టేవాళ్ళు పట్టుబడకుండా అక్కడక్కడా ఏదో ఒకటి మారుస్తారు కదా నాన్నా, ఉన్నదున్నట్టు ఎవరు పంపుతారు అంది. ఆయన అవునంటూ తల ఊపాడు గానీ దాంతో ఏం చేసుకోవాలో తెలియలేదు. ఒప్పుకున్న మనిషి మాటను కాదనడానికి తనెవరు?

ఆ వారమంతా ఆఫీసులో ఒకటే పరధ్యానం. ఒక ఫైలు మీద పెట్టాల్సిన సంతకం ఇంకో ఫైలు మీద పెట్టి, డిప్యూటీ సెక్రటరీ చేత మాట అనిపించుకున్నాడు.

శనివారం పొద్దున మిగతా ఆటలు మొదలుపెట్టే ముందు, చిత్రావతి ఆటలను పట్టిక నుంచి తీసేయడానికి కూర్చున్నాడు. రేపెవరైనా అడిగితే చూపించడానికి ఆధారాలు ఒకచోట భద్రపరచాలనుకున్నాడు. ప్రతి ప్రోగ్రామూ ఆట మొదలయ్యేముందు తన పేరు, తనను రాసినవారి పేరు చెప్పుకుంటుంది. ఆ మాటలు తెర మీద కనిపించవు. లోపల ఒక ఫైల్‌లో నమోదవుతాయి. పట్టికలో కనిపించే పేర్లు భీమశంకరం తన చేతులతో టైపు చేసుకున్నవి. ఆ నమోదు ఫైల్‌ను తొమ్మిదేళ్ళలో ఆయన ఒక్కసారీ తెరవలేదు. ఇప్పుడు తెరిచాడు.

మొదటి ప్రోగ్రాం, నా పేరు ఎలగందుల, నన్ను రాసినది సాయిప్రకాష్ అని చెప్పుకుంది. దాని ఎదుట కూర్చున్న రెండో ప్రోగ్రాం కూడా, నా పేరు ఎలగందుల, నన్ను రాసినది సాయిప్రకాష్ అనే చెప్పుకుంది.

ఆయన దాన్ని మూడుసార్లు చదివాడు. మొదట అనుకున్నది, ఈ పిల్ల పేరు కూడా మార్చకుండా పంపించిందా అని. తర్వాత మెయిల్ తెరిచి, కిరణ్మయి పంపిన ప్రోగ్రాంను కొత్త ఫోల్డర్‌లో మళ్ళీ దించాడు. ఆ ఫైల్ పరిమాణం ఎలగందులలో మూడో వంతు కూడా లేదు. దాన్ని నడిపిస్తే నా పేరు చిత్రావతి అంది.

రెండు ఫైళ్ళకూ పేరు ఒకటే ఉంది. ఇద్దరూ తమ ప్రోగ్రాం ఫైల్‌కు ఉత్త "ఇంజన్" అనే పేరే వదిలేశారు. ఇద్దరివీ ఆయన ఒకే ఫోల్డర్‌లో పెట్టాడు. అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది. ప్రోగ్రాములన్నీ ఎక్కించిన రోజు పైఇంటివాళ్ళు కుళాయిలో నీళ్ళు రావడం లేదని తలుపు కొడుతున్నారు. ఈ పేరుతో ఫైల్ ఇదివరకే ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా అని కంప్యూటర్ అడిగింది. ఒకే ఫైల్ రెండుసార్లు దించానేమో అనుకుని, అవును అని నొక్కి, మోటారు చూడడానికి లేచి వెళ్ళాడు. ఆ నొక్కుడుతో చిత్రావతి పోయి, దాని చోటులోకి ఇంకొక ఎలగందుల వచ్చి కూర్చుంది. పోయిన వారం చిత్రావతి ఒక్క ఆట కూడా ఆడలేదు.

అనుమానం తీర్చుకుందామని అసలు చిత్రావతిని ఒక ప్రోగ్రాంతో ఆడించి చూశాడు. అది ఎలగందులలా ఆడనే ఆడదు. నెమ్మదిగా మొదలుపెట్టి, ఎందుకో తెలియకుండా గుర్రాన్ని బోర్డు అంచుకు తోసి, యాభై ఎత్తులలోపే ఓడిపోయింది. కాపీ కానే కాదు. ఆ విషయం తేలాక అంతకన్నా పెద్ద చిక్కు ఆయన ముందు నిలబడింది. ఆమె ఎందుకు ఒప్పుకుంది?

వంటింట్లో ఉన్న ఉమారాణి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాడు. ఆమె పొయ్యి ఆర్పి, చెయ్యి తుడుచుకుని విన్నది.

"చెయ్యని తప్పు ఆ పిల్ల ఎందుకు ఒప్పుకుందో మీరూ నేనూ ఇక్కడ కూచుని తేల్చలేమండీ. వెళ్ళి అడగండి. ముందు తప్పు మీదని చెప్పండి, తర్వాత అడగండి."

ఫోన్ చేస్తే కిరణ్మయి తీయలేదు. కలవాలమ్మా, తప్పు నాది అని మెసేజ్ పెడితే, అరగంటకు ఒక లైబ్రరీ పేరు మాత్రం పంపింది. ఆయన మెట్రో బ్లూ లైన్ ఎక్కి, రాజీవ్ చౌక్‌లో మారి, జీటీబీ నగర్‌లో దిగి, ఈ-రిక్షాలో బత్రా సినిమా హాలు దాకా వెళ్ళాడు. గోడల నిండా ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ళ ఫొటోలు. ఫొటోస్టాట్ దుకాణాల ముందు నోట్సు కట్టలు కట్టలుగా పేర్చి ఉన్నాయి. సందులో రెండో అంతస్తు లైబ్రరీ నుంచి కిరణ్మయి దిగి వచ్చింది. నోటి నిండా మాట్లాడే పిల్ల. ఏడాది కిందట చూసినదానికన్నా చిక్కిపోయింది.

"ఇంత దూరం ఎందుకొచ్చినారు సార్?"

పక్కనే టీ కొట్టు దగ్గర ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చున్నారు. భీమశంకరం దాచకుండా చెప్పాడు. ఒకే పేరున్న ఫైళ్ళు, తను నొక్కిన అవును, చిత్రావతి ఒక్క ఆటా ఆడకపోవడం, గ్రూపులో తను రాసిన నాలుగు వాక్యాలు. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. అయిపోయాక, మరి ఆ పాయింట్లు అని అడిగింది.

"అవి ఎలగందులవమ్మా. చిత్రావతివి కావు."

ఆమె తల దించుకుని టీ గ్లాసు వైపు చూసింది. "శనివారం, ఆదివారం ఆటలు చూడలే సార్, చదువుకోవాల కదా. పట్టిక మాత్రం చూస్తి. మొదట్లో నా పేరుంది. రెండు దినాలు ఎంత సంతోషపడితినో. నేను కొత్తగా మార్చింది పనిచేసిందనుకుంటి."

ఆ మాట ఆయనకు ఊహకైనా అందలేదు. ఆమె మీద పడ్డ నింద తీసేయడానికి వచ్చాననుకున్నాడు గానీ, అదే చేత్తో ఆమె గెలుపును కూడా తీసేస్తున్నానని అనుకోలేదు. మరి ఎందుకు ఒప్పుకున్నావమ్మా అని అడిగేశాడు.

"మీరు చెప్తే నమ్మితి సార్."

"నువ్వు చెయ్యనిది నేను చెబితే ఎలా నమ్ముతావమ్మా?"

ఆమె ఎదురుగా ఫొటోస్టాట్ దుకాణంలో ఒకతను యంత్రం మూత ఎత్తడం, దించడం చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. సాయన్న పంపిన నాలుగు ఫైళ్ళు మూడు రోజులు చదివిందట. తర్వాత వాటిని మూసేసి, చూడకుండా తనే రాసుకుందట. అయితే రాసేటప్పుడు చేతికి వస్తున్నవి తన మాటలో అతనివో తెలిసేది కాదట.

"ఇక్కడ పొద్దస్తమానం వేరేవాళ్ళ నోట్సే కదా సార్ చదివేది. టెస్టులో ఆన్సర్ రాస్తే, దాంట్లో నా వాక్యం ఏదో నాకే తెలీదు. నాలుగేళ్ళు ఇట్లే. మీరు అన్ని ఎత్తులూ ఒకటే అంటే, అయితే నేను మొత్తం సాయన్నదే మళ్ళా రాసింటాను, నాకు తెలీకుండానే అనుకుంటి. నాకన్నా మిషన్‌కే బాగా తెలుస్తాది కదా అనుకుంటి."

ఇంకో మాట కూడా అంది. ప్రిలిమ్స్‌కు రెండున్నర నెలలే ఉంది. ఆదివారం పూట కూడా చదవకుండా ఈ ఆట ఏమిటని తనను తాను తిట్టుకుంటూనే ఉంది. ఆయన ఫోన్ చేసినప్పుడు, సరేలే, ఇదొకటి వదిలిపోతుంది అని కూడా అనిపించింది. ఈ రెండింటిలో ఏది అసలు కారణమో తనకు ఇప్పటికీ తెలియదంది.

భీమశంకరం చిత్రావతిని మళ్ళీ మొదటినుంచి ఆడిస్తానని, ఈసారి కోడ్‌లో ఇంకేమైనా సరిచేసుకునేది ఉంటే చేసి పంపమని చెప్పాడు. అప్పుడామె మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది.

"కోడ్ లేదు సార్. మీరు ఫోన్ చేసినాక తీసేస్తి. ల్యాప్‌టాప్‌లో, నెట్‌లో, అన్నింట్లో. నాది కానప్పుడు ఎందుకని."

మూడేళ్ళ పని. ఆయన దగ్గర ఉన్నది నడిచే ప్రోగ్రాం మాత్రమే. దాన్ని ఆడించవచ్చు గానీ విప్పి చదవడం కుదరదు, మార్చడం కుదరదు. ఆయన టీ గ్లాసు స్టూలు కింద పెట్టి, ఖాళీ అయిన చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. క్షమించమ్మా అని రెండుసార్లు అన్నాడు. ఆమె పరవాలేదు సార్ అనలేదు. కోప్పడనూ లేదు. ఉన్నదాన్ని ఆడించండి సార్, ఎన్నో స్థానమో తెలుసుకోవాలని ఉంది అని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

తిరుగు మెట్రోలో నిలబడే గ్రూపులో రాశాడు. ఈసారి నాలుగు వాక్యాల్లో పట్టలేదు. ఏ రోజు, ఏ పొరపాటు, ఎవరి చేతితో జరిగిందో అంతా రాశాడు. కిరణ్మయి ఏ నియమమూ తప్పలేదని, తప్పింది తనేనని, వచ్చే ఏడు పోటీ ఇంకెవరైనా జరిపితే బాగుంటుందని రాశాడు. ఆమె ఎందుకు ఒప్పుకుందో మాత్రం రాయలేదు. అది తను చెప్పవలసిన సంగతి కాదనిపించింది.

ద్వారకా వైపు వెళ్ళే జనం తోసుకుంటుంటే జనక్‌పురిలో దిగేసరికి సాయిప్రకాష్ ఫోన్ వచ్చింది. పోయిన సోమవారం రాత్రి ఆమె నాకు ఎన్నిసార్లు ఫోన్ చేసిందో చూసుకున్న సార్, మూడుసార్లు, నేను ఎత్తలె అన్నాడు. రేపు మీ ఇంటికొస్తా అన్నాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదికే చిత్రావతి ఆటలు మొదలయ్యాయి. దానివే పద్దెనిమిది ఆటలు, పోయిన వారం మిగిలినవాటితో కలిపి రెండు కంప్యూటర్ల మీద సాయంత్రం దాకా పడుతుంది. పదకొండుకు సాయిప్రకాష్ వచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి, వస్తుందని ఎవరూ అనుకోని కిరణ్మయి వచ్చింది. గంటసేపే ఉంటానని గుమ్మంలోనే చెప్పింది. సాయిప్రకాష్ లేచి నిలబడి, ఆమె వైపు పూర్తిగా చూడకుండా, ఫోన్ ఎత్తకపోవుడు నాదే తప్పు అన్నాడు. ఆమె సరే అన్నా అంది. ఇద్దరి మధ్యా ఒక కుర్చీ ఖాళీగా వదిలి తెర ముందు కూర్చున్నారు. ఉమారాణి ముగ్గురికీ పెసరట్లు వేసి, టీతో సహా తెచ్చింది.

అప్పటికి చిత్రావతి పదమూడు ఆటలాడి ఒకటి గెలిచి, మూడు డ్రా చేసి, మిగిలినవి ఓడింది. ఎలగందుల చేతిలో రెండుసార్లూ ఓడింది. కిరణ్మయి ఆ పట్టికను ఎక్కువసేపు చూడలేదు. జరుగుతున్న ఆట వంక చూస్తూ కూర్చుంది. ఆ ఆటలో, మంత్రులు ఇంకా బోర్డు మీద ఉండగానే, చిత్రావతి తన రాజును మూలనుంచి బయటికి తీసి, ఒక్కో గడి ముందుకు నడిపించడం మొదలుపెట్టింది. ఎవరైనా అలాంటప్పుడు రాజును దాచుకుంటారు. ఎదుటి ప్రోగ్రాం తను గెలిచేసినట్టే అంచనా చూపిస్తోంది. చిత్రావతి మాత్రం తనకేమీ భయం లేదన్నట్టు సున్నా చూపిస్తోంది.

"గిదేంది?" అన్నాడు సాయిప్రకాష్. "గిట్ల ఎందుకు నడుస్తున్నది రాజు?"

"తెలీదన్నా. నేను పెట్టిందే ఏదో అట్ల చేయిస్తాంది."

రాజు ఆరో వరస దాకా వెళ్ళి, అక్కడ బంట్ల మధ్య ఇరుక్కుంది, ఇంకో పది ఎత్తుల తర్వాత చిత్రావతి ఓడిపోయింది. సాయిప్రకాష్ నవ్వు ఆపుకోవాలని చూశాడు గానీ ఆగలేదు. కిరణ్మయి కూడా నవ్వింది. ఇట్లాంటి పిచ్చి పని నీ దాంట్లో లేదు కదన్నా అంది. అస్సలు లేదన్నాడతను. రాజు ఎప్పుడు బయటికి రావాలో ఎట్లా రాశావని అడిగాడు. ఆమె చెప్పబోయి ఆగింది. చూపించడానికి కోడ్ లేదు కదా. భీమశంకరం అటు తిరిగి కిటికీ వైపు చూశాడు.

సాయిప్రకాష్ టేబుల్ మీదున్న కాగితం ఒకటి లాగి, వెనకవైపు తిప్పి, నాకైతె గిట్లుంటది అంటూ రెండు మూడు వరుసలు రాశాడు. కిరణ్మయి వంగి చూసింది. కాదు కాదు, అది నీది అంటూ పెన్ను లాక్కుంది. కింద తను రాసింది. కొట్టేసి మళ్ళీ రాసింది. అతను ఇక్కడ ఈ గుర్తు తప్పున్నది అంటే, ఉండనీ, నాది తప్పే, అట్లే ఉండె అంది. మధ్యలో వదిలిన ఖాళీ కుర్చీలోకి ఎప్పుడు జరిగిందో ఆమెకు కూడా తెలిసినట్టు లేదు. కాగితం నిండిపోతే ప్రణతి లోపలినుంచి ఇంకో నాలుగు తెచ్చి ఇచ్చింది.

ఆమె ఉంటానన్న గంట ఎప్పుడో అయిపోయింది. ఆయన ఒకసారి గుర్తు చేద్దామా అనుకుని ఊరుకున్నాడు. ఐదున్నరకు చివరి ఆట ముగిసింది. చిత్రావతి ఎనిమిదో స్థానంలో నిలిచింది. ఎలగందుల ఒక్కటే మొదటి స్థానంలో నిలిచింది. భీమశంకరం ఆ సంగతి పైకి చదివి చెప్పాడు. కిరణ్మయి తల ఎత్తి, ఎనిమిదా సార్ అని అడిగి, పోయినేటి కంటే ఒకటి మేలే అని మళ్ళీ కాగితంలోకి వంగింది.

గ్రూపులో ఆయన రాజీనామా మాటకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. గుర్గావ్ సభ్యుడొకడు మాత్రం, తన ప్రోగ్రాం రెండో స్థానంలో వచ్చినట్టేనా, పట్టిక సరిగ్గా చూసి చెప్పండి అని అడిగాడు. ఆయన చూసి, అవునని రాశాడు.

కిరణ్మయి పరీక్షకు చదువుతుందో, ప్రోగ్రాంనే మళ్ళీ మొదలుపెడుతుందో, ఏది జరిగితే మంచిదో ఆయనకు బోధపడలేదు. అడుగుదామనుకున్నాడు గానీ, ఆమెకు మాత్రం తెలుసునా? కప్పులు తీసుకెళ్ళడానికి వచ్చిన ఉమారాణి ఆ ఇద్దరి వంకా చూసి, ఏమిటండీ అంతసేపు రాస్తున్నారు అని గొంతు తగ్గించి అడిగింది.

"నాకేం అర్థం కావట్లేదు ఉమా," అన్నాడు భీమశంకరం. "కొట్లాడుకుంటున్నారో, ఒకరికొకరు చెప్పుకుంటున్నారో."

ఆమె లైటు వేసి, కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆయన కూడా ఒక కుర్చీ లాక్కుని, వాళ్ళకు అడ్డం రాకుండా, కాగితం కనిపించేంత దూరంలో కూర్చున్నాడు.